తేజ కోసం వేసిన పందిరి

సోమవారం పొద్దున్నే గోపీనాథ్ మనసులో మూడు పనులు పెట్టుకుని లేచాడు. ఏడున్నరకి పందిళ్లు వేసే పీర్ సాహెబ్ వస్తాడు. పెరడంతా పైనుంచి కిందిదాకా వలతో మూసేయమని చెప్పాలి. తొమ్మిదింటికల్లా రిజిస్ట్రారాఫీసు ముందున్న తన బల్ల దగ్గరికి పోయి కూర్చోవాలి. ఆ వల ఎవరి కోసమో నరసరావుపేటలో ఏ ఒక్కరికీ తెలియకుండా చూసుకోవాలి. మొదటి రెండు పనులూ అనుకున్నట్టే జరిగాయి. మూడోది అనుకున్నదానికంటే బాగా జరిగింది. చిక్కంతా దాంతోనే వచ్చింది.

వల తేజ కోసం. తేజ అంటే పిల్లి. మూడేళ్ల కిందట రిజిస్ట్రారాఫీసు ముందు గోపీనాథ్ బల్ల కింద, పాత కాగితాల కట్టల మధ్య, గుప్పెడంత కూనగా దొరికింది. మిరప యార్డులో తేజ రకం మిరపకాయ ఏ రంగులో ఉంటుందో అచ్చంగా అదే రంగు, తోకతో సహా. గోపీనాథ్ దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎవరైనా అడిగితే "అది మా ఆవిడ పిల్లి" అంటాడు. ఉషని అడిగితే "నాకేం పని లేదా? అది ఆయన పిల్లి" అంటుంది. పిల్లి ఎవరిదో తేల్చుకోవడానికి దాన్నే అడగక్కర్లేదు. గోపీనాథ్ కుర్చీలో కూర్చుంటే ఒళ్లోకి ఎక్కుతుంది, లేస్తే అలుగుతుంది. అతనికీ అదంటే ప్రాణం. పైకి చెప్పుకోవడానికి సిగ్గు, అంతే.

గోపీనాథ్ దస్తావేజు లేఖరి. ఇరవై రెండేళ్లుగా ఊరివాళ్ల ఆస్తులకి హద్దులు రాస్తున్నాడు. తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక, ఉత్తరాన కాలువ అని అతను ఒకసారి రాసిపెడితే ఆ గీత దాటడానికి మనుషులు భయపడతారు. తేజకి చదువు రాదు. పాలకోసం ఇంటికొచ్చి, కునుకు తీయడానికి ఇంటికొచ్చి, మిగతా జీవితమంతా బయటే గడుపుతుంది. అందులోనూ ముఖ్యంగా గోడ అవతల ఉన్న హనుమయ్య గోడౌన్‌లో గడుపుతుంది.

హనుమయ్యది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. మంచి మనిషి. మంచి మనిషి కాబట్టే శనివారం సాయంత్రం స్వయంగా వచ్చి గేటు దగ్గర నిలబడి ముందుగా చెప్పాడు.

"గోపీ, పత్తి విత్తనాల స్టాకొచ్చింది. ఎలకలు బస్తాకో కంత పెట్టినయ్. సోమవారం మధ్యాన్నం మందు పెడతన్నా. ఓ వారం మీ పిల్లిని బయటికి వదలమాక."

"వారం రోజులా బాబాయ్?"

"మందు తిన్న ఎలకని అది తిన్నదంటే, మర్నాడు నీ మొహం నేను చూడలేను. అందుకని ముందే చెబుతన్నా."

గోపీనాథ్ తల ఊపాడు. హనుమయ్య వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడి, గోడ మీద కూర్చుని ఒళ్లు నాక్కుంటున్న తేజని చూశాడు. వారం రోజులు ఇంట్లో ఉంచితే బతుకుతుంది. లేకపోతే లేదు. విషయం అంత తేలిక.

ఆదివారం ఆ తేలిక విషయాన్ని ఆచరణలో పెట్టారు. తలుపులు, కిటికీలు మూశారు. ఆ ఇంటి స్నానాలగది, పంపు పెరట్లో ఉన్నాయి. ఎవరు చెంబు పట్టుకుని లేచినా తేజ వాళ్లకంటే ముందు గుమ్మం దగ్గర ఉంటోంది. మూడుసార్లు తప్పించుకుంటే గోపీనాథ్ మూడుసార్లూ గోడెక్కి పట్టుకొచ్చాడు. పడగ్గదిలో పెట్టి గడియ వేస్తే అది పెట్టిన కేకలకి ఎదురింటివాళ్లు వచ్చి ఎవరికి బాగోలేదని అడిగి వెళ్లారు. సాయంత్రానికి అది మంచం మీదున్న ఒక పంపకాల దస్తావేజు చిత్తుప్రతిని తడిపిపెట్టింది. ఇద్దరు అన్నదమ్ములు పన్నెండేళ్లు కోర్టులో కొట్టుకుని చివరికి ఒప్పుకున్న పంపకం అది. మళ్లీ మొదటినుంచి రాయాలి.

"పెరట్లోకన్నా వదులు. లేకపోతే ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది ఉష. ఆమె ఆసుపత్రిలో నర్సు; రోజంతా మూలుగులు విని ఇంటికొచ్చే మనిషి. ఇంట్లో కూడా వినే ఓపిక లేదు.

పెరటి గోడ ఐదడుగులు. దాని మీద చుట్టూ, పైనా వల కడితే తేజ పెరట్లో తిరుగుతుంది, బయటికి పోలేదు. మిరప నారు మీద కప్పే ఆకుపచ్చ వల బజారులో దొరుకుతుంది. దాన్ని గుంజలు పాతి, బిగించి కట్టాలంటే చేయి తిరిగినవాడు కావాలి. అలాంటివాడు ఊళ్లో పీర్ సాహెబ్ ఒక్కడే. ముప్పయ్యేళ్లుగా నరసరావుపేటలో సగం పెళ్లిళ్లు ఆయన పందిళ్ల కిందే జరిగాయి.

పీర్ సాహెబ్ సరిగ్గా ఏడున్నరకి వచ్చి పెరడంతా అడుగులు వేసి కొలిచాడు. అంతటి మనిషితో "పిల్లి కోసం" అని చెప్పడానికి గోపీనాథ్‌కి నోరు రాలేదు. చెబితే మధ్యాహ్నానికి రిజిస్ట్రారాఫీసు అంతా నవ్వుతుంది. ఆస్తులకి హద్దులు రాసేవాడు పిల్లికి హద్దు కట్టుకోలేక పందిరివాణ్ణి పిలిచాడంటారు.

"చుట్టూ, పైనా మూసేయాలి సాహెబ్. ఒక్క కంత కూడా ఉండకూడదు."

"ఎన్ని రోజులుండాలి?"

"వారం. పది రోజులైనా పర్లేదు."

ఇంటివాళ్లు తమంతట తాము చెబితే తప్ప ఏ కార్యమని పీర్ సాహెబ్ అడగడు. చావింటికి కూడా పందిరి వేయాల్సొస్తుంది కాబట్టి ఆ వృత్తిలో అడగడం మర్యాద కాదు. ఒక్క ప్రశ్న మాత్రం వేస్తాడు, దాన్నిబట్టి తెల్లగుడ్డ తేవాలో, రంగుగుడ్డ తేవాలో తెలుస్తుంది.

"శుభమేగా?"

"శుభమే. కానీ సాహెబ్, ఇంకా ఎవరికీ చెప్పలా. మీలోనే ఉంచుకోండి."

పీర్ సాహెబ్ ఇంటివైపు చూశాడు. లోపల గోపీనాథ్ తమ్ముడు వెంకటకృష్ణ చిలకలూరిపేటలో ఉన్న ట్రాక్టర్ల స్పేర్ పార్టుల కొట్టుకి పోవడానికి షూ వేసుకుంటున్నాడు. ముప్పయ్యేడేళ్లు. పెళ్లి కాలేదు. పదకొండు పెళ్లిచూపులయ్యాక, ఇంక నన్ను ఎవరి ముందూ కూర్చోబెట్టమాకండని మూడేళ్ల కిందట అన్నం పళ్లెం ముందు ఒట్టేశాడు. ఆ వీధిలో అది తెలియనివాళ్లు లేరు. పీర్ సాహెబ్ కళ్లు ఒక్కసారి మెరిశాయి.

"మీరు నిశ్చింతగా పోండి. నేను చూసుకుంటా" అన్నాడాయన.

గోపీనాథ్ నిశ్చింతగా పోయాడు. పోయేముందు తేజని పడగ్గదిలో పెట్టి గడియ వేశాడు; వల పూర్తయ్యాక మధ్యాహ్నం తానే వచ్చి వదులుదామనుకున్నాడు. ఉష డ్యూటీకి వెళ్లిపోయింది కాబట్టి ఇంటి తాళంచెవి పక్కింటి రామాయమ్మకి ఇచ్చాడు. రామాయమ్మ అతనికి పిన్ని వరస. నిజానికి వీధిలో సగంమందికి ఆమె పిన్నే.

"పెరట్లో పీర్ సాహెబ్ పని చేస్తాడు పిన్నీ. కాస్త కనిపెట్టి ఉండు" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆ పంపకాల దస్తావేజు మళ్లీ రాయాల్సి ఉంది కదా. తప్పు పోకూడదని ఫోను మోగకుండా చేసి, సొరుగులో పడేసి కూర్చున్నాడు. అన్నకి తూర్పు భాగం, తమ్ముడికి పడమటి భాగం, బావి ఉమ్మడి. రాసి, చదివి, ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించేసరికి ఒంటిగంట దాటింది. సొరుగు తీసి ఫోను చూస్తే ముప్పయ్యొక్క మిస్డ్ కాల్స్. అచ్చంపేటలో ఉన్న పెదనాన్నవి ఆరు. దాచేపల్లి అక్కవి నాలుగు. తమ్ముడివి తొమ్మిది. మిగతావి ఎవరివో కూడా తెలియదు. తేజకి ఏదో అయిందనుకున్నాడు. పిల్లికి ఏదైనా అయితే అచ్చంపేట పెదనాన్న ఎందుకు ఫోన్ చేస్తాడన్నది బండి సగం దూరం వచ్చాక గాని తట్టలేదు.

వీధి మలుపు తిరిగేసరికి గేటుకి అటూ ఇటూ గెలలతో సహా రెండు అరటిచెట్లు కనపడ్డాయి. గుమ్మానికి మామిడాకులు. పెరట్లోనే కాదు, ఇంటి ముందు కూడా పందిరి లేచింది. ఆకుపచ్చ వల కింద పసుపు, ఎరుపు గుడ్డలు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. ఈశాన్యం మూల పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టిన గుంజ నిలబడి ఉంది. దాని మెడకి నవధాన్యాల మూట కట్టారు. పెళ్లింట్లో మొట్టమొదట పాతే పందిరి రాట అది, చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది.

"అరటిచెట్లు నా తరఫున బాబూ. కృష్ణబాబు పెళ్లి ఎప్పుడైనా సరే, గెలలు నేనే తెచ్చి కడతానని ఎప్పుడో అనుకున్నా" అన్నాడు పీర్ సాహెబ్, నిచ్చెన మీదినుంచి.

జరిగింది ఇది. పీర్ సాహెబ్‌కి పని మొదలంటే ఈశాన్యం గుంజే మొదలు. ముప్పయ్యేళ్ల అలవాటు. గుంత తీసి, గుంజ తెచ్చి, పసుపు కావాలని తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డ రామాయమ్మని అడిగాడు. ఆమె ఎందుకని అడిగింది. ఎవరికీ చెప్పొద్దన్న మాట గుర్తుంది కాబట్టి పీర్ సాహెబ్ నోరు తెరవలేదు, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చాలు. రాట వేస్తుంటే ఇంట్లో ఒక్క ముత్తయిదువ లేకపోవడం రామాయమ్మకి భరించరాని విషయం. పావుగంటలో వీధిలోంచి నలుగురిని పోగేసింది. ఐదుగురూ కలిసి పసుపు రాశారు, గుంతలో పాలు పోశారు, పాట పాడారు. రామాయమ్మ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. అక్కడినుంచి కబురు అచ్చంపేటకీ, దాచేపల్లికీ, చిలకలూరిపేటకీ పోవడానికి బస్సుకి పట్టేంత సేపు కూడా పట్టలేదు.

గోపీనాథ్‌ని చూడగానే రామాయమ్మ పైట చెంగు నడుముకి దోపింది.

"ఏందిరా గోపీ, ఇంత దాచాలా? తాళంచెవి ఇయ్యడానికి పనికొచ్చిన పిన్ని, పెళ్లికబురు చెప్పడానికి పనికిరాలేదా?"

"పిన్నీ, పెళ్లీ లేదు, ఏమీ లేదు. పిల్లి బయటికి పోకుండా వల వేయమన్నానంతే."

రామాయమ్మ పందిరి వైపు చూసింది. గోపీనాథ్ వైపు చూసింది.

"పిల్లికి పందిరా?"

"అవును."

"ఇంత పందిరి?"

"ఇంత వేయమని నేను చెప్పలా పిన్నీ!"

"ఒరేయ్, దాచేవాడైనా కాస్త నమ్మే మాట చెప్పాల్రా. మా అన్న కూతురు రోహిణి గురజాలలో ఉద్యోగం చేసుకుంటా ఉంది. కృష్ణకి అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. వాడు ఒట్టేశాడని నోరు మూసుకున్నా. ఇప్పుడు చూస్తే మీరు లోపాయికారీగా అంతా కుదుర్చుకున్నారు."

ఎన్నడూ అబద్ధం చెప్పి ఇంతగా ఇరుక్కోలేదు గోపీనాథ్. నిజం చెప్పి ఇరుక్కున్నాడు. చాప మీద కూర్చున్న మిగతావాళ్లు తలా ఒక మాట వేశారు. చెప్పడం లేదంటే అమ్మాయి వేరే కులం అయి ఉంటుందని ఒకామె. కాదు, ఏటి అవతల తెలంగాణ పిల్ల అని ఇంకొకామె. రెండూ అయి ఉండొచ్చని మూడో ఆమె. నాలుగో ఆమె మాత్రం అరటిగెలలో పండు ఉందేమోనని చూస్తోంది.

ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. అచ్చంపేట పెదనాన్న దిగాడు. డెబ్బయ్యారేళ్లు, చేతికర్ర, మీసం. మనిషికన్నా ముందు ఆయన గొంతు లోపలికొచ్చింది.

"ఇంటికి పెద్దవాణ్ణి నేను బతికుండగానే రాట వేస్తార్రా? నన్ను అడగనక్కర్లా. చెప్పనక్కర్లా?"

"పెదనాన్నా, నా మాట విను. అది పిల్లి కోసం."

"ముందు మంచినీళ్లియ్. తర్వాత అబద్ధాలు చెబుదువుగాని."

గోపీనాథ్ మంచినీళ్లు తేబోతుండగా వెంకటకృష్ణ మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. గ్రీజు మరకలు లేని చొక్కా. వారం రోజుల గడ్డం మాయమై, చెంపలు నున్నగా మెరుస్తున్నాయి. దారిలో సెలూన్ దగ్గర ఆగి వచ్చాడని కనపడుతూనే ఉంది. అతను పందిరిని, రాటని, అరటిచెట్లని వరసగా చూసి అన్నని పక్కకి లాగాడు.

"పొద్దున్నుంచి కొట్లో ఒకటే ఫోన్లన్నా. నాకు పెళ్లంటగా?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు, నువ్వు తప్ప." అతను గొంతు తగ్గించాడు. "నేనేదో కోపంలో ఒట్టేశాగాని, నువ్వు చూశావంటే నాకేం అభ్యంతరం లేదు. అమ్మాయిది ఏ ఊరన్నా?"

గోపీనాథ్ తమ్ముడి మొహం చూడలేక చూపు పక్కకి తిప్పాడు. చూపు ఆ ఐదుగురూ కూర్చున్న చాప మీద పడింది. నీలం అంచు చాప. పడగ్గదిలో మంచం కింద ఉండే చాప.

"పిన్నీ, ఈ చాప ఎవరు తెచ్చారు?"

"నేనే తెచ్చా. ముత్తయిదువల్ని మట్టిలో కూర్చోబెట్టమంటావా?"

గోపీనాథ్ లోపలికి పరుగెత్తాడు. పడగ్గది తలుపు బార్లా తీసి ఉంది. మంచం మీద లేదు, కింద లేదు, బీరువా మీద లేదు. పెరట్లోకి ఉరికాడు. వల బ్రహ్మాండంగా కట్టారు, చీమ దూరేటట్టు లేదు. కాకపోతే వెనక గోడ పక్కనున్న దొడ్డితలుపు దగ్గర ఆరడుగుల వెడల్పున ఖాళీ వదిలి, చుట్టూ పూలదండ కూడా కట్టారు.

"ఇదేంది సాహెబ్? ఒక్క కంత కూడా వద్దన్నానుగా!"

"కంత కాదు బాబూ, దారి. వంటసామాను ఎటునుంచి రావాలి? దారి లేని పందిరి ఎక్కడన్నా ఉందా?"

టైము రెండు కావస్తోంది. మధ్యాహ్నం మందు పెడతానన్న హనుమయ్య మాట చెవుల్లో గింగిరాలెత్తింది. గోపీనాథ్ చెప్పులు వదిలేసి ఆ ఖాళీలోంచి గోడెక్కాడు. ఆదివారం మూడుసార్లు ఎక్కిన గోడే కాబట్టి కాళ్లకి దారి తెలుసు. అవతలికి దూకి గోడౌన్‌లోకి పోయేసరికి, పత్తి విత్తనాల బస్తాల దొంతర మీద, అన్నిటికంటే పైబస్తా మీద, తేజ తాపీగా కూర్చుని ఉంది. దాని నోట్లోంచి సన్నటి తోక వేలాడుతోంది. గోపీనాథ్ చూస్తుండగానే ఆ తోక కూడా లోపలికి పోయింది.

అతను బస్తాలెక్కి దాన్ని పట్టుకున్నాడు. నోరు తెరవాలని చూస్తే చేతికి గాటు పడింది. చొక్కా విప్పి చుట్టి, గుండెలకి అదుముకుని, గోడౌన్ ముందు తలుపు గుండా రోడ్డు మీదికొచ్చి పశువుల ఆసుపత్రి వైపు పరుగు లంకించుకున్నాడు. పది అడుగులు కూడా పోకముందే హనుమయ్య ఎదురొచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. ఇస్త్రీ పంచె కట్టి, చేతిలో కొబ్బరికాయలు, తాంబూలం పట్టుకుని వాళ్లింటికే వస్తున్నాడాయన.

"ఏందిరా గోపీ, పందిట్లో ఉండాల్సినోడివి బనీనుతో రోడ్డు మీద పరుగేంది?"

"తిన్నది బాబాయ్! ఎలకని తిన్నది! నేను చూస్తండగానే మింగింది. తప్పుకో, ఆసుపత్రికి పోవాలి."

"తింటే తిన్నది."

"మందు..."

"మందేదిరా? నేను పెట్టలా."

గోపీనాథ్ ఆగిపోయాడు.

"పొద్దున పదింటికి మీ ఇంట్లో రాట లేస్తంటే చూశా. పక్కింట్లో పెళ్లి పెట్టుకుని నేను ఎలకల్ని చంపుతానా? అవి చచ్చి, ఏ సందులోనో పడి కంపు కొడితే, బంతిలో కూర్చున్నోళ్లు ముక్కులు మూసుకోవాలా? పెళ్లయినాక చూద్దాంలెమ్మని మందు తీసికెళ్లి బీరువాలో పెట్టేశా. కృష్ణ పెళ్లికన్నా ఎక్కువా నాకు విత్తనాలు?"

గోపీనాథ్ అక్కడే గోడౌన్ అరుగు మీద కూలబడ్డాడు. నలభయ్యేడేళ్ల మనిషి, ఊళ్లోవాళ్ల ఆస్తులు పంచిపెట్టే మనిషి, బనీనుతో నడిరోడ్డు పక్కన కూర్చుని, పిల్లిని ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తేజ చొక్కాలోంచి తల బయటపెట్టి, అతని చెయ్యి రెండుసార్లు నాకింది. అతని వెనకే వచ్చిన జనం, పెదనాన్న, రామాయమ్మ, ముత్తయిదువలు, పీర్ సాహెబ్, వెంకటకృష్ణ, అందరూ చుట్టూ మూగి నోళ్లు తెరుచుకుని చూశారు. అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న ఉష కూడా ఆ గుంపులోకి తల పెట్టింది.

"మా ఇంటికి అరటిచెట్లు ఎందుకు కట్టారు?" అని అడిగింది ఉష.

రామాయమ్మ ముందుకొచ్చి పిల్లి వైపు చూసింది.

"అయితే నిజంగానే పిల్లి కోసమేనంట్రా?"

గోపీనాథ్ తల ఊపాడు. పొద్దున్నుంచి ఎన్ని మాటలు చెప్పినా నమ్మని జనం ఆ కన్నీళ్లు చూసి నమ్మారు. నమ్మాక ఒక్కొక్కరికీ కోపం వచ్చింది. అందరికంటే ముందు హనుమయ్యకి వచ్చింది.

"అంటే పెళ్లి లేదా? మరి నా విత్తనాల సంగతేంది? అయితే నేను మందు సాయంత్రమే పెడతన్నా."

గోపీనాథ్ తేజని ఇంకా గట్టిగా అదుముకున్నాడు. అప్పుడు అతనికి గుంపులో చివర నిలబడ్డ తమ్ముడు కనపడ్డాడు. నున్నగా గీసిన గడ్డం మీద చెయ్యి వేసుకుని, నవ్వబోయి, మానేసి, నేల చూస్తున్నాడు. నాలుగు గంటలపాటు వాడు నమ్మాడు. అన్న తనకి సంబంధం చూశాడని నమ్మాడు. గోపీనాథ్‌కి సిగ్గేసింది. వాడు ఒట్టేశాడు కదా అని మూడేళ్లలో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు తను. ఒట్టు వేసినప్పుడు వాడి మొహం ఎలా ఉందో కూడా చూడలేదు. పిల్లి మొహం మాత్రం రోజూ చూస్తున్నాడు.

అచ్చంపేట పెదనాన్న చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"అందరూ ఇనండి. పిల్లి కోసం వేశారో, కుక్క కోసం వేశారో నాకనవసరం. ఐదుగురు ముత్తయిదువలు పసుపు రాసి, పాలు పోసి నిలబెట్టిన రాట అది. శుభకార్యం జరక్కుండా ఆ రాట పీకితే ఇంటికి మంచిది కాదు. నేను బతికుండగా పీకనియ్యను."

"పందిరి ఉన్నన్నాళ్లు నేనూ మందు పెట్టలేను" అన్నాడు హనుమయ్య, ఇబ్బందిగా. "అరటిచెట్ల పక్కన ఎలకల మందు... బాగుండదు."

గోపీనాథ్ లేచి, పిల్లిని చంకలో పెట్టుకునే రామాయమ్మ ముందుకి పోయి నిలబడ్డాడు.

"పిన్నీ, గురజాలలో మీ అన్న కూతురన్నావుగా. ఆ అమ్మాయికి ఇంకా పెళ్లి కుదరలేదా?"

రామాయమ్మ మొహంలో కోపం అలాగే ఉంది. చెయ్యి మాత్రం నడుముకి దోపిన ఫోను మీదికి పోయింది.

రోహిణి, వాళ్ల నాన్న బుధవారం వచ్చారు. రోహిణికి ముప్పయ్యిమూడేళ్లు. గురజాల దగ్గర గ్రామ సచివాలయంలో వ్యవసాయ సహాయకురాలు. ఉద్యోగం మానమన్నందుకు నాలుగు సంబంధాలు కాదన్న పిల్ల. పందిట్లోనే కుర్చీలు వేశారు. రామాయమ్మ జరిగిందంతా ముందే పూసగుచ్చినట్టు చెప్పేసింది కాబట్టి దాచడానికి ఏమీ మిగల్లేదు. వెంకటకృష్ణ పన్నెండోసారి తల వంచుకుని కూర్చున్నాడు.

"పిల్లి కోసం ఇదంతా చేసింది మీ అన్నయ్యగారేనా?" అని అడిగింది రోహిణి.

"అవునండి."

"మరి మీరేం చేశారు?"

వెంకటకృష్ణ నిజమే చెప్పాడు. "గడ్డం గీయించుకుని వచ్చానండి."

రోహిణి నవ్వింది. ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు. వెంకటకృష్ణ తలెత్తి చూశాడు. పదకొండు పెళ్లిచూపుల్లోనూ ఏ అమ్మాయీ నవ్వలేదు. చిలకలూరిపేటనుంచి గురజాలకి ఎంత దూరం, కాపురం ఎక్కడ పెట్టాలి, ఉద్యోగం మానాలా అనే ప్రశ్నలన్నీ ఆ తర్వాత వచ్చాయి. మానక్కర్లేదని వెంకటకృష్ణ ఎవరినీ అడక్కుండానే చెప్పేశాడు.

పద్దెనిమిది రోజులకి ముహూర్తం కుదిరింది. రాట ఇక్కడ పడింది కాబట్టి పెళ్లి కూడా ఇక్కడే అన్నాడు పెదనాన్న. పీర్ సాహెబ్ ఎండిన మామిడాకులు తీసి కొత్తవి కట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా, పోయినా దొడ్డితలుపు తెరిచే ఉంది. మందు పెట్టే భయం లేదు కాబట్టి తేజని ఆపడానికి గోపీనాథ్ కూడా చూడలేదు. అది పొద్దున పాలు తాగి గోడ దాటేది, సాయంత్రం పొట్ట వేలాడేసుకుని వచ్చేది. పద్దెనిమిది రోజులూ హాజరు తప్పలేదు.

పెళ్లికి ముందురోజు హనుమయ్య గోడౌన్‌లో బస్తాలన్నీ కదిపి చూసుకున్నాడు. కొత్తగా ఒక్క కంత లేదు. ఒక్క ఎలుక కనపడలేదు. ఆయన బీరువాలోంచి మందు పొట్లం తీసి, కంపెనీకి వాపసు పంపే సరుకులో పడేశాడు. తర్వాత గోపీనాథ్ దగ్గరికొచ్చి పక్కకి పిలిచాడు.

"గోపీ, ఒక్కమాట. పెళ్లయినాక ఈ వల తీసేస్తావుగా? పొరపాటున కూడా ఉంచమాక. మీ పిల్లికి రాకపోకలు ఇబ్బందయిద్ది."

పెళ్లి ఘనంగా జరిగింది. అచ్చంపేటవాళ్లు, దాచేపల్లివాళ్లు, గురజాలవాళ్లు, వీధివాళ్లు ఒక్కరు తప్పకుండా వచ్చారు. పందిరి ఎవరి కోసం వేశారో ఆ ఒక్కరు మాత్రం పెళ్లి జరిగిన మూడు రోజులూ దాని కింద అడుగు పెట్టలేదు.